దిష్టికో నెల, ఆటోకో నెల

లాలాగూడ,
ఏప్రిల్, బడికి సెలవులిచ్చిన మర్నాడు

విజయమ్మ వదినకు జ్ఞానమణి రాస్తున్నది.

ఈ ఉత్తరం మీ ఆయన బజ్జీల బండి దగ్గర ఇస్తున్నాను. నూనె మరకలు పడితే నన్ననకు, ఆయన చేతుల్ని అను. ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్ మోగితే నా కాళ్లు చల్లబడతాయి వదినా. ఆ రోజు మా పిల్ల హదస్సా కోసం రక్తమిచ్చే మనుషుల్ని వెతుక్కుంటూ నేను వీధులు తిరుగుతుంటే ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. ఇక తిరగొద్దు, వచ్చేయమన్నాడు. మూడేళ్లయింది. ఆ ఫోన్ బియ్యం డబ్బాలో ఉంది.

అసలు సంగతికొస్తాను. నిన్న అన్నయ్య నాకు బజ్జీలు ఎక్కువ వేశాడు. వర్క్‌షాప్ గేటు ముందు ఇన్నేళ్లుగా బండి పెట్టి, ఒక్క ఉల్లిపాయ ముక్క ఎక్కువ వేసిన మనిషా ఆయన? "ఏంటన్నయ్యా విశేషం?" అన్నాను. చట్నీ గిన్నెలోకి చూస్తూ, "ఊర్మిళకు అయిదో నెల చెల్లే" అన్నాడు. తాత అవుతున్నానని చెప్పడానికి కొత్త పెళ్లికూతురిలా మెలికలు తిరిగాడు.

నాకు సంతోషమైంది వదినా. ఒట్టు. నువ్వు చెప్పకపోతే నేను బాధపడలేదు. ఊర్మిళా, హదస్సా ఒకే రిబ్బన్ను రెండు ముక్కలు చేసి జడలేసుకున్న పిల్లలు. నా ముందు ఆ మాట ఎలా తియ్యాలో తెలియక ఊరుకుని ఉంటావు. అయితే నేను ఊరుకోను. పిల్ల పురిటికి మీ ఇంటికే వస్తుంది కదా. మౌలాలి గుట్ట మీద పిట్టగూడులా కట్టుకున్నారు ఇల్లు. నొప్పులొస్తే ఆ మెట్లన్నీ ఎవరు దింపుతారు? కింద ఏ ఆటో ఉంటుంది? ఏ ఆసుపత్రికి? పిల్లది ఏ రక్తం? అన్నిటికీ జవాబు రాయి. కోపమొస్తే కాగితం చింపి బండికివ్వు, బజ్జీలు చుట్టుకుంటాడు.

జ్ఞానమణి


మౌలాలి,
మే నెల, ఎండ మాడుతున్న ఆదివారం

జ్ఞానమణి వదినకు,

పోలీసోళ్లు సుత ఇన్ని ప్రశ్నలు అడగరు. బడిలో మనం కలిసి వంట చేసినప్పుడు సాంబారులో ఉప్పు వేశావా అని మూడు మార్లు అడిగేదానివి. అదే బుద్ధి.

నీ అక్షరాలు చూసి చాలా సంతోషపడ్డాను. ఊర్మిళ బాగుంది. ఇప్పుడు ఆరో నెల. మామిడికాయ ముక్కలు ఉప్పూ కారం అద్దుకుని తింటూ వాళ్లాయనను ఫోన్లో తిడుతుంది. పిల్లదాని అత్త కల్పలతమ్మ చిలకలగూడ నుంచి వారం వారం వచ్చి పర్యవేక్షణ చేసి పోతుంది. ఆమె మాటే చట్టం. సంచి సర్దుతానంటే, "పుట్టకముందే బట్టలు కొంటరా ఎవరన్న? కడుపుకు దిష్టి కొడ్తది" అన్నది. సరేనని నోరు మూసుకున్నాను. నా మోకాళ్ల నొప్పికే దిక్కు లేదు, ఆమెతో కొట్లాడే ఓపిక ఎక్కడిది?

రక్తం మాటెత్తితే మీ అన్నయ్య బండి కడగడానికి పోతాడు. ఆరు నూరైనా బండి కడగని మనిషి! నువ్వు పరేషాన్ కాకు. ఇంకా చాలా టైముంది.

నువ్వు తింటున్నావా వదినా? ఇంట్లో ప్రభుదాస్ అన్న ఎట్లున్నాడు?

విజయమ్మ


లాలాగూడ,
జూన్, బడి తెరిచిన వారం

వదినా,

ఈ ఏడాది బడిలో పిల్లలు పెరిగారు, పప్పు తగ్గింది. నా తిండి సంగతి అడిగావు కదా, ఆ పలచని పప్పే తింటున్నాను. మా ఆయన కూడా బాగున్నాడు. రోజంతా రెండు మాటలు మాట్లాడేవాడు, ఇప్పుడు మూడు మాట్లాడుతున్నాడు.

మీ వియ్యపురాలికి దిష్టి భయమైతే దానికీ దారి ఉంది. కొత్త బట్టలు కొనొద్దు. నీ పాత నూలు చీరలు ఉతికి, ఎండలో వేసి, ముక్కలు చేసి మూటకట్టు. చంటిపిల్లకు పాతగుడ్డే మెత్తన. నీ చీరలకు దిష్టి తగలదు, నాది పూచీ. వాటిని కొన్నరోజు కూడా ఎవరూ తిరిగి చూడలేదు.

ఇప్పుడు నవ్వకుండా విను. హదస్సాది నెగెటివ్ రక్తం. కాన్పు బల్ల మీదికి వెళ్లేదాకా మాకు తెలియదు. బస్తీలో ఇల్లిల్లూ తిరిగే ఆశా అమ్మ పరీక్ష చేయించుకోమని ముందే చెప్పింది. మేము రేపూ మాపూ అన్నాం. బిడ్డ పుట్టి ఏడవలేదు. దాని వెనకే తల్లికి రక్తం ఆగలేదు. ఆసుపత్రివాళ్లు బయటి నుంచి తెచ్చుకోమన్నారు. ఎవరినీ తిట్టడానికి కాదు ఇది రాయడం. ఆ రోజు మేము వెతికిందంతా ముందే వెతికి పెట్టుకోవచ్చని రాస్తున్నాను.

కాబట్టి ఊర్మిళ రక్తం ఏదో తెలుసుకో. ఇద్దరు మనుషుల్ని ఖాయం చేసుకో. ఇంకో పని. ఒక కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి మీ మెట్ల మీద నుంచి దింపి చూడండి. ఆ రోజు తడుముకోకూడదు. ఎవరిని కూర్చోబెట్టాలో నేను చెప్పను. బజ్జీలు తిని బరువెక్కిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు.

జ్ఞానమణి


మౌలాలి,
జూలై

వదినా,

నీ పుణ్యమా అని మా గుట్టంతా వారం నుంచి నవ్వుతుంది.

చెప్పినట్టే చేశాము. మీ అన్నయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాము. మా కిందింటి ఆటో తిరుమల్, ఇంకో ముగ్గురు మోశారు. ఊర్మిళ ఒక దిండు తెచ్చి వాళ్ల నాన్న పొట్టకు తువ్వాలతో కట్టింది. "నాన్నా, నొప్పులు తియ్యి" అన్నది. ఇక చూడు! "అమ్మో, అయ్యో, నా వల్ల కాదు" అని ఆ మనిషి మొదలుపెడితే, మూడో ఇంటి ముసలమ్మ నిజమనుకుని వేడినీళ్లు పట్టుకుని ఉరికొచ్చింది. సగం మెట్లు దిగారో లేదో కుర్చీ కాలు ఫట్టుమన్నది. తిరుమల్ అన్న మాట రాయమంటావా? "గిట్లయితే కాదు కాకా, నువ్వు జెర రెండు నెలలు బజ్జీలు బంద్ వెట్టు, లేకుంటే లారీ మాట్లాడుత."

కుర్చీ పోయింది కానీ బుద్ధి వచ్చింది. ఇనుప కుర్చీ ఒకటి అడిగి తెచ్చుకున్నాము. రక్తం పరీక్ష అయింది. ఊర్మిళది మామూలు రకమే, ఎక్కడైనా దొరుకుతుందట. పిల్లకు సూది గుచ్చుతుంటే చూసి మీ అన్నయ్య కళ్లు తిరిగి పడ్డాడు. కాబట్టి ఆయనను నీ లెక్కలోంచి తీసెయ్యి.

చీర ముక్కలు మూట కట్టాను. నా చీరలను అన్న మాట గుర్తుపెట్టుకుంటాను.

పిల్ల రాత్రిళ్లు ఒత్తిగిలలేక తంటాలు పడుతుంది. అటు తిరిగినా ఇటు తిరిగినా చేతినిండా గాజుల చప్పుడు, నాకు నిద్ర ఉండదు. ఎనిమిదో నెల కదా, తప్పదు.

విజయమ్మ


లాలాగూడ,
జూలై, నీ ఉత్తరం అందిన సాయంత్రం

వదినా,

మెట్ల కథ మా ఆయనకు చదివి వినిపించాను. నవ్వాడు. పళ్లు కనిపించేలా నవ్వాడు. ఎన్నాళ్లయిందో ఆ పళ్లు చూసి.

ఒక్క ముక్క దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. చేతినిండా గాజులెక్కడివి? అంటే శ్రీమంతం అయింది. మీ కల్పలతమ్మ అయిదో నెలలోనో, ఏడులోనో, తొమ్మిదిలోనో గాజులు తొడిగిస్తుంది కానీ, సరి నెలలో తొడిగిస్తుందా? ఆకాశం ఊడిపడినా తొడిగించదు. ఏడో నెలలో తొడిగిన గాజులైతే చెయ్యి ఉబ్బి ఈపాటికి సగం తీసేసేవాళ్లు. పిల్ల ఒత్తిగిలలేకపోతున్నది అంటున్నావు. నాకు చదువు అయిదో తరగతే వదినా, అయినా బిడ్డను కన్నదాన్ని. ఊర్మిళకు ఇప్పుడు తొమ్మిది.

నన్ను పిలవలేదని దెప్పడం లేదు. కూతురూ మనవడూ కాన్పులోనే పోయిన దాన్ని గాజుల పేరంటానికి ఎవరు పిలుస్తారు? నేనైనా మరొకరిని పిలిచేదాన్ని కాదేమో. నాకు గాజులొద్దు, తాంబూలమొద్దు. నాకు నెల కావాలి.

దిష్టి తగలకూడదని లోకానికి ఒక నెల తగ్గించి చెప్పారు. బాగుంది. మరి తిరుమల్‌కు ఏ నెల చెప్పావు? కుర్చీ మోసేవాళ్లకు? రక్తమిచ్చేవాళ్లకు? దిష్టికి ఒక నెల చెప్పుకో, ఆటోకు మాత్రం నిజం చెప్పు. తిరుమల్ అన్నది నువ్వే రాశావు, రెండు నెలలు బజ్జీలు మానేయమన్నాడని. ఆ పిల్లాడు రెండు నెలల తర్వాతి కాన్పుకు సిద్ధమవుతున్నాడు వదినా.

జ్ఞానమణి


మౌలాలి,
మర్నాడే

వదినా,

నువ్వు వంటపనిలో ఉండి పాడైపోయావు. పోలీసు కొలువే చేయాల్సింది.

అవును, తొమ్మిదో నెల. కల్పలతమ్మ ఒట్టు వేయించుకుంది, కడుపులో బిడ్డ మీద ఒట్టు. ఇంకో మాట కూడా అన్నది. "ఆ లాలాగూడ ఆమె మంచిదే కావొచ్చు. కాన్పు అయ్యేదాంక మాత్రం ఈ గడప దిక్కు రావొద్దు." నేను ఎదురు చెప్పలేదు. చెప్పాల్సింది. కానీ నిజం రాస్తాను, నాకూ భయమైంది. పొద్దున లేచి ఊర్మిళ ముఖం చూస్తే హదస్సా గుర్తొస్తుంది. నీ ముందు పిల్లను నిలబెట్టాలంటే, నా దగ్గర ఉన్నదేదో నీకు చూపించి ఊరిస్తున్నట్టు అనిపించింది. నెల తగ్గించి చెప్తే, ఆ రోజు కొంచెం దూరం జరిగినట్టు ఉండింది నాకు కూడా.

పిలవకపోయినా నువ్వు ఉత్తరాలు రాస్తూనే ఉన్నావు. 

తిరుమల్‌కు నేను చెప్పలేదు. ఒట్టు ఉంది కదా. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు.

విజయమ్మ


లాలాగూడ,
బుధవారం

వదినా,

చెప్పేశాను.

ఒట్టు నీది, నాది కాదు. బడిలో వంట అవగానే తిరుమల్ ఆటో పెట్టే చిలకలగూడ స్టాండుకు నడిచి వెళ్లాను. తిరుమల్ ఆటోలో కాళ్లు బయటపెట్టి నిద్రపోతున్నాడు. లేపి చెప్పాను. "గదేందమ్మా! ఇంక మస్తు టైముంది అంటిరి గద! శుక్రవారం నేను ఇంటోళ్లను తీస్కొని యాదగిరిగుట్ట పోతున్న. రూం సుత మాట్లాడిన" అన్నాడు. "దేవుడు ఎక్కడికీ పోడు నాయనా, కాన్పు అయ్యాక వెళ్లి రా, ఆయనే మెచ్చుకుంటాడు" అన్నాను. చర్చికి వెళ్లే దానినని అతనికి తెలుసు కదా, నా వంక అదోలా చూసి, "మీరే గా దేవునికి జెర చెప్పుండ్రి మరి" అన్నాడు. ఆదివారం చెప్తానన్నాను. ఆగుతానన్నాడు.

మా ఆయన రక్తమిస్తానన్నాడు. మా సంఘంలో యేసురాజు కూడా. ఏ రకమైనా సరే, వీళ్లిస్తే బ్లడ్ బ్యాంకువాళ్లు ఊర్మిళకు సరిపోయేది బదులిస్తారట. వెళ్లి కనుక్కున్నాను.

ఫోన్ బియ్యం డబ్బాలోంచి తీశాను. ఛార్జింగ్ పెట్టాను. నిన్న ఎవరో లోన్ కావాలా అని చేశారు. కాళ్లు చల్లబడ్డాయి. అయినా ఎత్తాను.

నేను మీ గడప తొక్కను, ఆసుపత్రి గడప కూడా తొక్కను. ఆమె భయం ఆమెది. కానీ నొప్పులు మొదలవగానే నాకు ఫోన్ చెయ్యి.

జ్ఞానమణి


పెద్దాసుపత్రి, బాలింతల వార్డు,
శనివారం

వదినా,

ఊర్మిళ నిద్రపోతుంది. పక్కన చిన్నది కూడా. ఫోన్లో ఏడవడం తప్ప ఏమీ చెప్పలేదు కదా, అందుకే రాస్తున్నాను. మీ అన్నయ్య బయట కూర్చుని కాగితం తీసుకుపోవడానికి ఎదురుచూస్తున్నాడు.

నిన్న పొద్దున కల్పలతమ్మ వచ్చింది. పిల్ల నడుము పట్టేసిందని అంటే, "గ్యాసు. వాము నీళ్లు తాగు" అన్నది. నొప్పి వచ్చి పోతుంది, వచ్చి పోతుంది. నేను, "నొప్పులేనేమో వదినా" అన్నాను. "ఏం నొప్పులు? ఇంక నెలుంది!" అని నా మీదికి ఎగిరింది. "తొమ్మిది నిండినయి గదా" అంటే, "ఎవరు చెప్పిండ్రు నీకు? ఎనిమిదే!" అన్నది. ఊర్లో అందరికీ చెప్పి చెప్పి ఆమెకే నమ్మకం కుదిరింది! నేనూ ఒక నిమిషం అవునేమో అనుకున్నాను, చూడు నా తెలివి. చివరికి ఊర్మిళ పళ్లు బిగబట్టి, "అత్తమ్మా, దిష్టికని ఒక నెల కోసింది మీరే!" అని అరిచింది. కల్పలతమ్మ గ్లాసు పట్టుకుని అట్లనే నిలబడింది. "అవును గదనే!" అని ఆ వాము నీళ్లు ఆమే గటగట తాగేసింది.

వెంటనే నీకు ఫోన్లో చెప్పాను. తర్వాత అంతా పరుగే. ఇనుప కుర్చీ బరువు, అయినా విరగలేదు. తిరుమల్ ఆటో కింద స్టార్ట్ చేసి ఉంది. నీ మాట విని ఉండకపోతే ఆ పొద్దుకు యాదగిరిగుట్ట మీద ఉండేవాడు. దారిలో హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పెద్ద గొంతు. మేము మిఠాయి మాట మాట్లాడుకుంటుంటే సిస్టరు బయటికి ఉరికొచ్చింది. రక్తం ఎక్కువ పోతుందన్నది. ఎక్కించాలన్నది. వదినా, నాకు ఏమీ కనిపించలేదు. నువ్వు రాసిన ఉత్తరమే చెవిలో వినిపించింది. నీకు మళ్లీ ఫోన్ చేశాను. నువ్వు ఎత్తావు. నేను ఏడుస్తున్నాను. నువ్వు ఒక్కటే అన్నావు, "పొద్దున నువ్వు ఫోన్ చేసినప్పుడే బయలుదేరారు, గేటు దగ్గరే ఉంటారు చూడు." చూశాను. ప్రభుదాస్ అన్న, యేసురాజు చెట్టు కింద కూర్చుని ఉన్నారు. మూడు గంటలుగా అక్కడే ఉన్నారట, లోపలికి వస్తే మేము భయపడతామని రాలేదట.

వాళ్లిద్దరూ ఇచ్చారు. బ్లడ్ బ్యాంకులో ఉన్నది మాకు ఇచ్చారు. చీకటి పడకముందే రక్తం ఆగింది. టైముకు తెచ్చారన్నది డాక్టరమ్మ. ఊర్మిళ కళ్లు తెరిచి అన్న మొదటి మాట, "నాన్నా, మిర్చి బజ్జీ ఉందా?"

ప్రభుదాస్ అన్న చేతికి దూది పెట్టుకుని చాలాసేపు వార్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. పాపను చూస్తావా అన్నా అంటే తల ఊపాడు. చూశాడు. 

ఇక కల్పలతమ్మ సంగతి. రాత్రంతా ఏడ్చింది. పొద్దున లేచి, "ఆమె మొగుని రక్తం మా ఇంటికొచ్చింది. ఇగ ఆమె రాకుంటే ఎట్ల?" అన్నది. ఎక్కించింది వేరే వాళ్ల రక్తమని సిస్టరు చెప్పింది. వినదు. మాకు ఇప్పుడు మీరు చుట్టాలైపోయారు, తప్పించుకోలేరు.

నేను అడిగేది వేరు. పాపకు రోజూ కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయాలి. నా మోకాళ్లు వంగవు. కల్పలతమ్మకు బీపీ. ఈ మాట ముందు ఆమే అన్నది, నేను కాదు. జ్ఞానమణి వస్తే పాపకు ఆమె చేతి నీళ్లే పోయిద్దాం అన్నది. రాలేనంటే నేనేమీ అనుకోను. నాకు తెలుసు అది ఎంత కష్టమో. తెలుసు అని రాశాను కానీ తెలియదు.

విజయమ్మ


లాలాగూడ,
ఆదివారం, చర్చి నుంచి వచ్చి

వదినా,

తిరుమల్ తరఫున చెప్పాల్సింది ఇవాళ చెప్పాను. యాదగిరిగుట్టకు నిశ్చింతగా వెళ్లమను.

మా ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, నేను అడగకుండానే, "జుట్టు బాగా ఉంది" అన్నాడు. ఎవరికని అడిగితే, "పాపకు" అన్నాడు. తర్వాత దీపాలు పెట్టేదాకా ఆ పాప ముక్కు గురించీ, గోళ్ల గురించీ మాట్లాడాడు. మూడేళ్ల మాటలు ఒక్కపూటే ఖర్చు పెట్టేశాడు. నేను వింటూ కూర్చున్నాను.

నీళ్లు పోయడానికి వస్తాను. మీరు ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే కబురు పెట్టు. బడిలో వంట తొందరగా ముగించుకుని వస్తాను. కానీ కొన్ని షరతులున్నాయి. కల్పలతమ్మ పక్కన నిలబడి మెల్లగా, మెల్లగా అనకూడదు. సున్నిపిండి నేనే పట్టిస్తాను, మీ కొట్టులో పిండి ముతక. మీ ఆయన నూనె చేతులతో పాపను ఎత్తుకోకూడదు, జారిపోతుంది.

అన్నయ్యతో ఒక తక్కువ పీట పంపిస్తున్నాను. హదస్సాకు నెల తప్పిందని తెలిసినప్పుడు, కాళ్లు చాపి కూర్చోవడానికి వీలుగా నేను చేయించుకున్నది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. ఒకసారి తడిగుడ్డ పెట్టి తుడిపించు.

ఇంకొక్కటి. మొదటిరోజు నీళ్లు పోసేటప్పుడు నువ్వు స్నానాల గది బయటే ఉండు, తలుపు దగ్గరగా వెయ్యి. పాప ఎలాగూ గుక్కపట్టి ఏడుస్తుంది. నేనూ ఏడుస్తాను. రెండూ కలిసిపోతాయి, కల్పలతమ్మకు తేడా తెలియదు. నీళ్లు మాత్రం కొంచెం ఎక్కువ కాయించు వదినా. నేను తొందరగా బయటికి రాను.

జ్ఞానమణి